భర్త పేరు గడి ఖాళీగా ఉన్నప్పుడు: ఒంటరి మహిళ, వీర్యదాత ఎంపిక

క్లుప్తంగా: 21 ఏళ్లు దాటి 50 ఏళ్లు నిండని మహిళ, పెళ్లితో నిమిత్తం లేకుండా, దాత వీర్యంతో గర్భం దాల్చడానికి 2021 నాటి ఏఆర్‌టీ (సహాయక సంతానోత్పత్తి పద్ధతుల) చట్టం వీలు కల్పిస్తోంది. దాత ఎవరో ఆమెకు తెలియదు. తెలిసిన మనిషిని దాతగా తెచ్చుకునే వీలూ లేదు. ఎంపికలో ఎక్కువ భాగం ఆమె ఫైలు తెరవకముందే అయిపోతుంది. మిగిలిన కొద్దిపాటి ఎంపికలో కులం, రంగు, డిగ్రీల కన్నా జన్యు వాహక పరీక్షలు (పైకి కనిపించని వంశపారంపర్య లోపాలను పట్టేవి), ఆర్‌హెచ్ ఫ్యాక్టర్ (రక్తం పాజిటివా, నెగెటివా అన్నది), గడ్డకట్టిన నమూనా నాణ్యత, రెండో బిడ్డ కోసం నిల్వ అన్నవే ఎక్కువ లెక్కలోకి వస్తాయి.

ఒకే నెలలో రెండు వార్తలు

2025 జూలైలో కన్నడ నటి భావన రామన్న, పెళ్లి చేసుకోకుండా ఐవీఎఫ్ (అండాన్ని శరీరం బయట ఫలదీకరించే పద్ధతి) ద్వారా గర్భం దాల్చినట్టు ప్రకటించారు. అదే నెలాఖరులో సికింద్రాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రంపై పోలీసులు కేసు పెట్టారు. సరోగసీ (అద్దె గర్భం) ద్వారా పుట్టిందని చెప్పి ఒక జంట చేతిలో పెట్టిన బిడ్డకూ ఆ జంటకూ రక్తసంబంధం లేదని డీఎన్ఏ పరీక్షలో బయటపడడంతో మొదలైన వ్యవహారమది. మొదటి వార్త చదివి ఇది తమకూ సాధ్యమేనని అనుకున్నవారు, రెండోది చదివి ఇదంతా చట్టవిరుద్ధమేమోనని జంకారు.

ఈ గందరగోళానికి మూలం రెండు చట్టాలను ఒకటిగా చూడడం. సరోగసీ చట్టం, ఏఆర్‌టీ చట్టం రెండూ 2021లోనే వచ్చాయి, రెండూ 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చాయి. కానీ ఒంటరి మహిళను అవి చూసే తీరు వేరు. సరోగసీ చట్టం కింద భర్త పోయిన లేదా విడాకులు తీసుకున్న 35 నుంచి 45 ఏళ్ల మహిళకే అవకాశం ఉంది. పెళ్లే కానివారికి లేదు. ఏఆర్‌టీ చట్టం అలా గీత గీయలేదు. అందులో 'మహిళ' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో వయసు ఉందే తప్ప వైవాహిక స్థితి లేదు. తన కడుపులోనే బిడ్డను మోయదలచిన అవివాహితకు దారి తెరిచింది ఆ ఒక్క నిర్వచనమే. 'మా దగ్గర పెళ్లయినవారికే' అని ఏ కేంద్రమైనా అంటే అది ఆ కేంద్రం పెట్టుకున్న పద్ధతి. చట్టం పెట్టిన షరతు కాదు.

చట్టం ముందే చేసేసిన ఎంపిక

వీర్యం సేకరించడం, పరీక్షించడం, నిల్వ చేయడం రిజిస్టరయిన ఏఆర్‌టీ బ్యాంకు పని. చికిత్స చేసే క్లినిక్ వేరు, బ్యాంకు వేరు. కాబట్టి ఆఫీసులో మంచివాడని పేరున్న సహోద్యోగినో, ఇంట్లోవాళ్లు సూచించిన దగ్గరి బంధువునో దాతగా తీసుకుపోవడం కుదరదు. బంధువులు, పరిచయస్తులు దాతలు కాకూడదని 2005లోనే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు చెప్పాయి. రేపు ఆ మనిషి వచ్చి బిడ్డ మీద హక్కు అడగడం, లేదా తల్లే అతని నుంచి ఏదో ఒకటి ఆశించడం, ఈ రెండు చిక్కులూ రాకుండా వేసిన కట్టడి అది.

దాతకు 21 నుంచి 55 ఏళ్ల మధ్య వయసుండాలి. పాత మార్గదర్శకాల్లో పై హద్దు 45. పదేళ్లు పెంచడం దాతల కొరత తీర్చడానికి పనికొస్తుందేమో గానీ, ఎంచుకునే మహిళకు అందులో కలిసొచ్చేది లేదు. తండ్రి వయసు ఒక ఏడాది పెరిగితే బిడ్డకు వచ్చే కొత్త జన్యుమార్పులు సగటున ఒకటి రెండు పెరుగుతాయి. ఒక్కో మార్పు వల్ల ముప్పు స్వల్పమే. అయినా మిగతావన్నీ సమానంగా ఉన్న ఇద్దరు దాతల్లో చిన్నవాణ్ని ఎంచుకోవడం తెలివైన పని.

అన్నిటికన్నా గట్టి నిబంధన 27వ సెక్షన్‌లో ఉంది. ఒక దాత వీర్యాన్ని ఒకటికి మించి జంటలకు ఇవ్వకూడదు. చట్టంలో ఉన్న మాట 'జంట' అయినా, ఒంటరి మహిళ విషయంలోనూ అదే లెక్క అనుకోవడం సబబు. దీని ఫలితాన్ని బ్యాంకు వైపు నుంచి చూడాలి. ఒక యువకుణ్ని పిలిపించి, పరీక్షలు చేయించి, నమూనాను నెలల తరబడి దాచి, చివరికి ఒక్క కుటుంబానికే ఇవ్వాలి. ఖర్చంతా ఆ ఒక్క కుటుంబం మీదే పడుతుంది. విదేశీ బ్యాంకుల వెబ్‌సైట్లలో కనిపించే వందలాది దాతల జాబితా, చిన్ననాటి ఫొటోలు, గొంతు రికార్డింగులు ఇక్కడ ఎందుకు ఉండవంటే కారణమిదే. చాలాసార్లు చేతికొచ్చేది రెండు మూడు కాగితాలే.

భర్తకు సరిపోలేలా అన్న పాత లెక్క

ఆ కాగితంలో ఉండేవి ఎత్తు, బరువు, చర్మం రంగు, కళ్ల రంగు, జుట్టు, రక్తవర్గం, చదువు, వృత్తి. పేరు, చిరునామా, ఆధార్ నంబరు బ్యాంకు దగ్గర ఉంటాయి, బయటికి రావు.

ఈ వరుసను ఒకసారి జాగ్రత్తగా చూస్తే ఇది ఎవరి కోసం తయారైందో అర్థమవుతుంది. వీర్యకణాలు లేని భర్త, అతని భార్య. పుట్టిన బిడ్డను చూసి అత్తవారింట్లో ఎవరికీ అనుమానం రాకూడదు. అందుకే భర్త రంగు, భర్త ఎత్తు, భర్త రక్తవర్గం. ఎంపికంతా ఒక రహస్యాన్ని కాపాడడానికి ఏర్పడింది. ఒంటరి మహిళ ఆ ఫారం నింపుతున్నప్పుడు 'భర్త పేరు' అన్న గడి దగ్గర కలం ఆగుతుంది. కౌన్సెలర్ అక్కడ ఒక గీత గీసేయమంటారు. కానీ ఆ గీతతో పాటు, కింద ఉన్న సగం గడులకు కూడా అర్థం పోయిందన్న సంగతి ఎవరూ చెప్పరు. పోల్చుకోవడానికి భర్త లేనప్పుడు రంగు, ఎత్తు సరిపోలవలసింది ఎవరితో?

రక్తవర్గం సంగతీ అంతే. ఏ, బీ, ఓ అన్న వర్గం సరిపోవాలన్న అవసరం ఆమెకు లేదు. మిగిలేది ఆర్‌హెచ్ ఒక్కటే. ఆమె ఆర్‌హెచ్ నెగెటివ్ అయి దాత పాజిటివ్ అయితే కడుపులోని బిడ్డ పాజిటివ్ కావచ్చు. అప్పుడు తల్లి శరీరం బిడ్డ రక్తానికి ఎదురుతిరగకుండా 28వ వారంలో ఒకసారి, కాన్పయిన 72 గంటల్లోపు మరోసారి యాంటీ-డి ఇంజెక్షన్ వేస్తారు. దాత కూడా నెగెటివ్ అయితే ఈ బెడద ఉండదు. అయితే మన దేశంలో ఆర్‌హెచ్ నెగెటివ్ ఉన్నవారు సుమారు 5 శాతమే. అలాంటి దాత కోసం నెలలు ఎదురుచూడడం కన్నా ఇంజెక్షన్ వేయించుకోవడమే చాలామందికి సులువు. 38 ఏళ్ల మహిళకు ఆరు నెలల ఆలస్యం ఆ ఇంజెక్షన్ కన్నా ఖరీదైనది.

మనవాళ్లేనా అన్న ప్రశ్న

విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా అన్న సామెతను పట్టుకుని ఇంట్లో పెద్దవాళ్లు మొదట అడిగేది కులం. కూతురు పెళ్లి లేకుండా తల్లి కావడానికి ఎలాగో ఒప్పుకున్న తండ్రి సైతం 'దాత మనవాళ్లేనా?' అన్న దగ్గర ఆగిపోతాడు. సాంఘికంగా ఆ ప్రశ్నకు వెనక ఏమున్నా, జన్యుశాస్త్రం దానికి ఇచ్చే జవాబు పెద్దలు ఆశించేదానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

తలసేమియా వంటి వ్యాధులు పైకి కనిపించని వాహకుల ద్వారా సాగుతాయి. ఒక లోపభూయిష్ట జన్యువు, ఒక మంచి జన్యువు ఉన్న మనిషి ఆరోగ్యంగానే తిరుగుతాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే లోపానికి వాహకులైతే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సముదాయంలో ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన లోపం చాలామందిలో పేరుకుని ఉంటుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ), అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధన ఇందుకు తెలుగునేల నుంచే ఉదాహరణ ఇచ్చింది. వైశ్య సముదాయంలో బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఇతరులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆపరేషన్ బల్ల మీద సక్సామెథోనియం అనే కండరాల సడలింపు మందు ఇస్తే, ఈ లోపం ఉన్నవారు మళ్లీ సొంతంగా ఊపిరి తీసుకోవడానికి గంటలు పట్టవచ్చు. మత్తు డాక్టర్లకు ఇది పాత సంగతే. ఇలాంటి చరిత్ర ఒక్క సముదాయానిదే కాదు, దక్షిణాదిలో చాలా కులాలది.

పైగా రాయలసీమలో మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు కొత్త కాదు. ఊళ్లో కుదిరిన సంబంధమైతే వరస తెలుస్తుంది, ఎన్ని తరాల చుట్టరికమో అమ్మమ్మ వేళ్ల మీద లెక్కగట్టి చెబుతుంది. పేరు తెలియని దాత సొంత కులంవాడైతే, అతను దూరపు వరసకు బావ అవుతాడో అన్న అవుతాడో బ్యాంకు ఫైలు చెప్పదు. వేరే ప్రాంతం, వేరే సముదాయం నుంచి వచ్చిన దాత అయితే ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం బాగా తగ్గుతుంది.

అందుకే ఎంపికకు ముందు జరగాల్సిన పరీక్ష దాతకు కాదు, ఆమెకే. తలసేమియా, సికిల్ సెల్ వాహకత్వం తెలుసుకోవడానికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే పరీక్షతో (మామూలు హిమోగ్లోబిన్ శాతం పరీక్ష కాదు) మొదలుపెట్టవచ్చు. ఖర్చూ పెద్దది కాదు. ఆమె వాహకురాలు కాదని తేలితే ఆ వ్యాధి విషయంలో దాత గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. వాహకురాలైతే దాత నివేదిక చూడకుండా ముందుకు పోకూడదు. దాతలకు హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు తప్పనిసరి కాబట్టి వాటి గురించి అందరూ చెబుతారు. జన్యు వాహక పరీక్షలు ఏవేవి చేశారో మాత్రం నోరు తెరిచి అడిగి కాగితం మీద తీసుకోవాలి.

ఇక దాత ఇంజనీరా, డాక్టరా అన్నది. డిగ్రీ వారసత్వంగా రాదు. తెలివితేటల వెనక వేల జన్యువులు, వాటితో పాటు పెంపకం, పోషణ, బడి ఉంటాయి. రంగూ అనేక జన్యువుల కలయికే. తెల్లటి దాతకు తెల్లటి బిడ్డ పుట్టి తీరుతుందన్న హామీ ఏ బ్యాంకూ ఇవ్వలేదు, ఇస్తే నమ్మకూడదు. మగబిడ్డ, ఆడబిడ్డ అన్న మాట ఎత్తితే అది నేరం. ఏఆర్‌టీ చట్టంలోనూ శిక్ష ఉంది, 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టంలోనూ ఉంది.

మైనస్ 196 డిగ్రీల నుంచి

దాత నమూనాను తాజాగా వాడరు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి ఆరు నెలలు ఆపి, దాతకు మళ్లీ రక్తపరీక్ష చేసి, రెండోసారీ ఏమీ లేదని తేలాకే బయటికి తీయడం స్థిరపడిన పద్ధతి. హెచ్ఐవీ వంటివి సోకిన తొలి వారాల్లో పరీక్షకు దొరక్కపోవచ్చు. ఈ ఆరు నెలల విరామం ఆ సందును మూస్తుంది. తొలి పరీక్ష తేదీ, మలి పరీక్ష తేదీ రెండూ కాగితం మీద ఉన్నాయా అని చూడడం ఒక్క నిమిషం పని.

ప్రక్రియ రోజున జరిగేది చూడడానికి చాలా చిన్న పని. ట్యాంకు మూత తీయగానే తెల్లటి పొగ లేస్తుంది. నమూనా నింపిన సన్నటి గొట్టం, స్ట్రా అంటారు దాన్ని, పటకారుతో పైకి వస్తుంది. దాని మీద రాసిన నంబరును ఫైలులోని నంబరుతో ఇద్దరు మనుషులు సరిచూస్తారు, లేదా సరిచూడాలి. గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, ఒక చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కిస్తారు. గడ్డకట్టించి కరిగించేసరికి కదిలే కణాల్లో చాలాసార్లు సగం దాకా పోతాయి. ఐయూఐకి (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే పద్ధతి) 50 లక్షల నుంచి కోటి దాకా చురుగ్గా కదిలే కణాలు మిగలాలని వైద్యులు చూస్తారు. అందువల్ల ఫైలులో ఉన్న సంఖ్య దాత ఇచ్చిన రోజుదా, కరిగించాక చూసినదా అన్నది అసలు ప్రశ్న. ఎత్తు ఎన్ని అంగుళాలో అడిగేవాళ్లు వందమంది ఉంటే ఈ సంఖ్య అడిగేవాళ్లు పదిమంది కూడా ఉండరనిపిస్తుంది.

ఒకే దాత నుంచి రెండో బిడ్డ కావాలనుకుంటే స్ట్రాలు మొదటే అదనంగా తీసుకుని పక్కన పెట్టించాలి. తర్వాత అడిగితే ఉండకపోవచ్చు. నిల్వకు చట్టం పెట్టిన గడువు పదేళ్లు.

సప్తగిరి ఎక్స్‌ప్రెస్ లెక్క

తిరుపతి మహిళకు సప్తగిరి ఎక్స్‌ప్రెస్ వెళ్లే చెన్నై సుమారు 140 కిలోమీటర్లు, చిత్తూరు మహిళకు వేలూరు ఇంకా దగ్గర. సొంత ఊళ్లో సౌకర్యం ఉన్నా దూరం వెళ్లేవారున్నారు. కారణం వైద్యం కాదు, వెయిటింగ్ హాలు. అక్కడ పక్క కుర్చీలో పాత సహాధ్యాయినో, పిన్నిగారి పక్కింటివాళ్లో కనిపించకూడదు. చట్టం కేంద్రానిది కాబట్టి రాష్ట్రం దాటినా నియమాలు మారవు.

అయితే ఐయూఐకి తేదీ ముందుగా చెప్పరు. నెలసరి రెండో రోజు స్కానింగ్, తొమ్మిదో రోజు ప్రాంతంలో మళ్లీ స్కానింగ్, అండం పెరిగే వేగాన్ని బట్టి ఇంకొకటి రెండు. సరైన పరిమాణానికి వచ్చాక అండం విడుదలకు హెచ్‌సీజీ ఇంజెక్షన్, ఆపై సుమారు 36 గంటలకు ప్రక్రియ. రెండు వారాల్లో నాలుగైదు ప్రయాణాలు, అందులో చివరిది రాత్రికి రాత్రి ఖాయమవుతుంది. బడిలోనో బ్యాంకులోనో పనిచేసే మనిషి కారణం చెప్పకుండా అన్ని సెలవులు పెట్టడం కష్టం. స్కానింగులు ఇక్కడే చేయించుకుని నివేదికలు పంపించి, ప్రక్రియకు మాత్రమే వెళ్లే ఏర్పాటుకు చాలా కేంద్రాలు ఒప్పుకుంటాయి. ముందే మాట్లాడుకోవాలి.

వయసు 35 లోపు ఉంటే ఒక్కో ఐయూఐ ప్రయత్నంలో గర్భం నిలిచే అవకాశం సుమారు 10 నుంచి 20 శాతం. 40కి దగ్గరపడితే ఇంకా తక్కువ. మూడు నాలుగుసార్లు కాకపోతే ఐవీఎఫ్ వైపు మళ్లుతారు. ఐయూఐ మాత్రమే చేసే కేంద్రాలు మొదటి స్థాయివి, ఐవీఎఫ్ చేసేవి రెండో స్థాయివి. రెండింటికీ రిజిస్ట్రేషన్ వేర్వేరు. సికింద్రాబాద్ ఉదంతం తర్వాత కేంద్రం పేరు, స్థాయి, రిజిస్ట్రేషన్ నంబరు అడగడం అనుమానించడం కిందికి రాదు.

బయటి దేశాలు నేర్చుకున్నది

స్వీడన్ 1985లోనే దాత అజ్ఞాతాన్ని రద్దు చేసింది. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ 1 తర్వాత దానం చేసినవారి వివరాలను బిడ్డ 18 ఏళ్లు నిండాక తెలుసుకోవచ్చు. అక్కడ ఒక దాతకు పది కుటుంబాల హద్దు ఉంది. అమెరికాలో దేశమంతటికీ వర్తించే హద్దు చట్టంలో లేదు, వృత్తిసంఘం సూచనలే ఉన్నాయి. హద్దు లేకపోతే ఏమవుతుందో 2025లో యూరప్‌కు తెలిసింది. టీపీ53 అనే జన్యువులో క్యాన్సర్ ముప్పు పెంచే మార్పు ఉన్న ఒక దాత వీర్యంతో పలు దేశాల్లో కనీసం 67 మంది పుట్టినట్టు ఆ ఏడాది మేలో వైద్యులు వెల్లడించారు. వారిలో పదిమందికి అప్పటికే క్యాన్సర్ బయటపడింది. ఒక దాత, ఒక కుటుంబం అన్న మన నిబంధన ఎంపికను ఎంత ఇరుకు చేసినా, ఇలాంటి విస్తరణను మాత్రం మొదట్లోనే ఆపేస్తుంది. చిన్న సముదాయాల్లోనే సంబంధాలు వెతుక్కునే ప్రాంతంలో, ఇరవై ఏళ్ల తర్వాత ఒకే దాత పిల్లలు తెలియక పెళ్లిపీటల మీద కూర్చునే భయాన్ని కూడా ఇది దాదాపు తీసేస్తుంది.

బిడ్డకు తెలుసుకునే హక్కు విషయంలో మాత్రం మన చట్టం వెనకబడింది. సమాచారం లేక కాదు. దాత ఆధార్ దాకా అన్నీ నమోదై, పదేళ్ల తర్వాత జాతీయ రిజిస్ట్రీకి చేరతాయి. అత్యవసర వైద్య పరిస్థితిలోనో కోర్టు ఉత్తర్వుతోనో తప్ప ఆ పెట్టె తెరుచుకోదు. ఈలోగా ఉమ్మితో చేసే డీఎన్ఏ పరీక్షలు విదేశాల్లో ఎన్నో రహస్యాలను బట్టబయలు చేశాయి. జంటల్లా దాచిపెట్టే అవసరం ఒంటరి తల్లికి ఎలాగూ లేదు, నాన్న ఎవరన్న ప్రశ్న బడిలో చేరకముందే వస్తుంది. కేంబ్రిడ్జ్‌లో సూసన్ గోలంబాక్ బృందం దశాబ్దాలపాటు చేసిన పరిశోధనల్లో, ఏడేళ్లలోపే పుట్టుక సంగతి తెలిసిన పిల్లలకు పెద్దయ్యాక తల్లితో అనుబంధం మెరుగ్గా ఉన్నట్టు కనిపించింది.

పుట్టాక: కార్యాలయం, గుడి

బిడ్డ మీద తండ్రిగా ఉండే హక్కులన్నీ దాత వదులుకున్నట్టేనని ఏఆర్‌టీ చట్టం 31వ సెక్షన్ చెబుతుంది. పుట్టిన బిడ్డ ఎవరి బిడ్డ అన్న వాక్యంలో మాత్రం మళ్లీ 'జంట' అనే రాసి, 'మహిళ'ను మరిచిపోయింది. చట్టం రాసినవారి తలలో కూడా ఆ భర్త గడి ఉందన్నమాట. ఆ లోటును చాలావరకు కోర్టులు పూడ్చాయి. అవివాహిత తల్లి అఫిడవిట్ ఇస్తే జనన ధ్రువపత్రం ఇవ్వాలని 2015 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇలా పుట్టిన పిల్లలకు తండ్రి గడి లేని ఫారం ఉండాలని 2021లో కేరళ హైకోర్టు ఆదేశించింది. పాస్‌పోర్టుకు 2016 చివరి నుంచి తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు. పాన్ కార్డుకు 2018 డిసెంబరు నుంచి ఒంటరి తల్లి పేరు చాలు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడి నుంచి ఓటరు జాబితా దాకా జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి, మున్సిపల్ కార్యాలయంలోనో పంచాయతీలోనో ఆ మొదటి కాగితం సరిగ్గా రావడమే కీలకం. తీర్పు నకలు వెంట తీసుకెళ్లిన మనిషికి, తీసుకెళ్లని మనిషికి గుమాస్తా ముందు తేడా ఉంటుంది.

తల్లి ఆస్తికి బిడ్డ వారసత్వంలో వివాదం లేదు. తాతగారి ఆస్తి దగ్గర ప్రశ్నలు రాకుండా వీలునామా రాయించడం మేలు. తల్లికి ఏమైనా అయితే బిడ్డను ఎవరు చూడాలో కూడా వీలునామాలోనే సంరక్షకుల పేరు రాయవచ్చు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆ అధికారం ఆమెకు ఇచ్చింది.

మిగిలింది గుడి. తిరుచానూరులో గానీ, కాణిపాకంలో గానీ, వీధి చివరి రామాలయంలో గానీ అర్చనకు నిలబడితే అర్చకుడు గోత్రం అడుగుతాడు. దాత గోత్రం ఎవరికీ తెలియదు. ఈ చిక్కు గుడికి కొత్తది కాదు. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పడం ఎప్పటినుంచో ఉన్న వాడుక. కొందరు తల్లి పుట్టింటి గోత్రమే చెబుతారు. అర్చకుడు మారు ప్రశ్న వేయడు. పేరు, నక్షత్రం అడిగి సంకల్పం చెప్పేస్తాడు.